లీన్‌కి మోడల్ తగిలించిన డైరీ: 61 రుజువులు 38కి ఎలా దిగాయి

పని ఇది. ఒక పక్క లీన్ 4 అనే ప్రూఫ్ అసిస్టెంట్, అంటే గణిత రుజువులో ప్రతి అడుగూ సరైందో కాదో చూసే ప్రోగ్రాం. ఇంకో పక్క ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ఏఐ మోడల్. మోడల్ ఒక్కో అడుగు చెబుతుంది, లీన్ ఒప్పుకుంటుంది లేదా తిప్పికొడుతుంది. ఆ రెండిటి మధ్య నేను పైథాన్‌లో రాసిన తీగ. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, ఆఫీసు నుంచి వచ్చి తిన్నాక, రాత్రి పది తర్వాత చేసింది. ఎవరైనా ఇదే మొదలుపెడితే నేను పోగొట్టుకున్న రాత్రులు వాళ్లకి మిగులుతాయని రాసి పెడుతున్నా.

దశ 0: సామాను, ప్రశ్నలు (ఫిబ్రవరి)

మెషీన్: 8 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఉబుంటు. కార్డు సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ సామాను మార్కెట్లో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 12 జీబీది, 19,000 రూపాయలు. మొదటి మోడల్‌కి అంత అక్కర్లేదు కూడా. లీన్‌డోజో అనే పరిశోధన ప్రాజెక్టు వాళ్లు 2023లో బయటపెట్టిన రీప్రూవర్‌లో టాక్టిక్ (రుజువులో ఒక అడుగు వేయమని లీన్‌కి ఇచ్చే ఆదేశం) చెప్పే మోడల్ 30 కోట్ల పారామీటర్ల లోపే. సగం ప్రెసిషన్‌లో (ఒక్కో పారామీటర్‌కి 16 బిట్లు) ఒక జీబీ కూడా పట్టదు.

ప్రశ్నలు మా నల్లకుంట ఇంట్లోనే దొరికాయి. కింది పోర్షన్‌లో మాస్టారుంటారు, జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన పాత నోటుపుస్తకాల్లోంచి 120 లెక్కలు ఏరాను: గణితానుగమనం, భాజనీయత, అసమానతలు, కొన్ని సమితులు. మినీఎఫ్‌టుఎఫ్ అని రెడీమేడ్ సెట్ ఉంది, 488 ప్రశ్నలు. కానీ ఈపాటికి ప్రతి మోడలూ వాటిని ఎక్కడో ఒకచోట చూసే ఉంటుందని నా అనుమానం. మాస్టారి లెక్కల్ని లీన్‌లోకి నేనే రాశాను. గోతిలో కాలు పెట్టింది అక్కడే, తెలిసింది మాత్రం మేలో.

ఇన్‌స్టాల్ వరస:

1. ఎలాన్ పెట్టుకోండి. లీన్ వెర్షన్ల సంగతి అదే చూసుకుంటుంది.
2. లేక్‌తో (లీన్ ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే పనిముట్టు) కొత్త ప్రాజెక్టు తెరిచి, లీన్ గణిత లైబ్రరీ మ్యాథ్‌లిబ్ చేర్చండి. లీన్-టూల్‌చైన్ ఫైల్లో ఉన్న వెర్షన్, మ్యాథ్‌లిబ్ అడిగే వెర్షన్ ఒకటే ఉండాలి.
3. బిల్డ్ చేసే ముందు ‘లేక్ ఎగ్జీ క్యాష్ గెట్’ కొట్టండి. మరిస్తే మ్యాథ్‌లిబ్ మొత్తం మీ మెషీన్ మీదే కంపైల్ అవుతుంది. నేను మరిచాను. తెల్లారేదాకా ఫ్యాన్ మోత.
4. లీన్ కమ్యూనిటీ వాళ్ల రెపుల్‌ని (బయటి ప్రోగ్రాం నుంచి కమాండ్లు తీసుకుని లీన్ జవాబు తిరిగిచ్చేది) కూడా అదే వెర్షన్ ట్యాగ్ దగ్గర దించి బిల్డ్ చేయండి.

మోడల్ ముట్టుకోకముందే ఒక పని చేశాను, ఈ మొత్తంలో నేను మొదటిసారే సరిగ్గా చేసింది అదొక్కటే. సింప్, ఒమేగా, నార్మ్‌నమ్, రింగ్, లిన్‌అరిత్, ఎన్‌లిన్‌అరిత్, డిసైడ్: లీన్‌లో తమంతట తామే రుజువు వెతికే ఈ ఏడు టాక్టిక్‌లనీ ప్రతి లెక్క మీదా వరసగా వేసి చూశాను. 31 లెక్కలు మోడల్ లేకుండానే తేలిపోయాయి. ఈ అంకె చేతిలో లేకపోతే తర్వాత వచ్చిన ఏ అంకెకీ అర్థం ఉండేది కాదు.

ఇప్పటికి: 120లో 31 (మోడల్ లేకుండా). 22 గంటలు. 19,000 రూపాయలు.

దశ 1: తీగ (మార్చి మొదటి రెండు వారాలు)

రెపుల్‌కి జేసన్ (ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే పాఠ రూపం) పంపితే జేసన్ తిరిగి ఇస్తుంది. ఇంతే కదా అని కూర్చున్నాను. మొదటి కమాండ్ పంపా. జవాబు లేదు. పది నిమిషాలు చూశా. మ్యాథ్‌లిబ్ లోడవుతోందేమో అనుకుని వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకొచ్చా. ఇంకా లేదు. ప్రాసెస్ బతికే ఉంది, సీపీయూ మాత్రం సున్నా. అంటే అది నాకోసం ఎదురుచూస్తోంది, నేను దానికోసం ఎదురుచూస్తున్నా.

రెండు రాత్రులు పోయాక తెలిసింది: ప్రతి కమాండ్ తర్వాత ఒక ఖాళీ లైను పంపాలి. అది చూస్తేనే రెపుల్‌కి మన మాట అయిపోయిందని అర్థమవుతుంది. సూచనల పేజీలో ఈ మాట ఉంది. నేను ఉదాహరణ చూసి, వాక్యం చదవలేదు.

ఆ తర్వాత వచ్చినవి వరసగా:

1. పంపాక ఫ్లష్ చేయాలి. లేకపోతే మాట పైథాన్ బఫర్‌లోనే ఉండిపోతుంది.
2. జవాబు ఒకే లైను కాదు. జేసన్ చాలా లైన్లలో పరుచుకుని వస్తుంది. ఒక్క లైను చదివి పార్స్ చేస్తే విరుగుతుంది. ఖాళీ లైను వచ్చేదాకా చదవాలి.
3. లీన్ తప్పుల సందేశాలు రాసే దారిని, అంటే స్టాండర్డ్ ఎర్రర్‌ని, పైపుకి కట్టి దాన్ని చదవకుండా వదిలేశాను. లినక్స్‌లో ఆ పైపు సాధారణంగా 64 కేబీ. అది నిండగానే లీన్ రాయలేక ఆగిపోతుంది, మనం జవాబు కోసం ఆగిపోతాం. ప్రతిసారీ ఇంచుమించు ఒకే చోట బిగుసుకుపోతుంటే ఆ లెక్కలోనే ఏదో తేడా ఉందనుకుని మూడు రోజులు దాన్నే తవ్వాను. ఎర్రర్‌ని ఫైల్లోకి మళ్లించాక మళ్లీ ఆగలేదు.

ఇంకోటి మన భాషకే ప్రత్యేకం, అందుకని కాస్త విడిగా. ప్రతి ఫైలు పైన మాస్టారి ప్రశ్నని తెలుగులోనే కామెంటుగా పెట్టుకున్నాను. రుజువు పూర్తి కాని చోట లీన్‌లో ‘సారీ’ అని రాస్తారు. ఆ మాట ఎక్కడుందో చెప్పడానికి లీన్‌లోనే చిన్న స్క్రిప్టు రాశాను, దాని స్థానంలో రుజువు అతికించడం పైథాన్ పని. కొన్ని ఫైళ్లలో బాగానే అతికింది, కొన్నిట్లో రుజువు ఎక్కడో గాల్లో పడింది. లీన్ స్థానాలు బైట్లలో లెక్కపెడుతుంది, పైథాన్ స్ట్రింగు అక్షరాల్లో. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికో గుణింతపు గుర్తుకో ఉండే నంబరు) 3 బైట్లు. కామెంటులో 50 కోడ్‌పాయింట్లుంటే 100 స్థానాలు పక్కకి జరిగిపోతుంది. కామెంటు రాయడానికి బద్ధకించిన ఫైళ్లన్నీ శుభ్రంగా నడిచాయి! ఇప్పుడు ఫైల్‌ని బైట్లుగానే చదివి బైట్లుగానే కోస్తున్నా.

ఇప్పటికి: 120లో 31. 51 గంటలు. మోడల్ ఇంకా పెట్టెలోనే ఉంది.

దశ 2: టైము, మెమరీ (మార్చి చివర)

మ్యాథ్‌లిబ్ ఇంపోర్టుకి నా మెషీన్ మీద 9 సెకన్లు. ప్రతి టాక్టిక్‌కీ కొత్త ప్రాసెస్ తెరిస్తే ఒక లెక్కలో 300 ప్రయత్నాలకి 45 నిమిషాలు. అందుకని ఒక్కసారి ఇంపోర్ట్ చేసి, రెపుల్ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ నంబరు (ఆ లోడయిన స్థితికి గుర్తు) మీదే అన్ని లెక్కలూ పెట్టాను. టాక్టిక్‌కి సగటున సెకనులో మూడో వంతుకి దిగింది.

దానికి ఇంకో చోట రేటు కట్టాల్సి వచ్చింది. రెపుల్ నంబరు ఇచ్చిన ప్రతి ప్రూఫ్ స్టేటూ (రుజువు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఏం మిగిలింది అన్న స్థితి) మెమరీలోనే ఉంటుంది, వదలదు. ఒక రాత్రి నాలుగు ప్రాసెస్‌లు వేసి పడుకుంటే పొద్దున మెషీన్ బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడు ఒక్కో లెక్క అయ్యాక ప్రాసెస్‌ని చంపి కొత్తది లేపుతున్నా, 9 సెకన్లు పోతే పోనీ. ఆ స్థితిని పికిల్ చేసి, అంటే ఫైల్లోకి రాసి, దాచుకుంటే ఇంకా వేగమేమో అనుకున్నా. పికిల్ తెరిచేటప్పుడు కూడా ఆ ఇంపోర్టులు మళ్లీ జరగాల్సిందే, నాకు పెద్దగా కలిసిరాలేదు.

మెమరీ కొలతలో ఒక మోసం ఉంది. టాప్‌లో (ప్రాసెస్‌ల వాడకం చూపే కమాండు) నాలుగు ప్రాసెస్‌ల మెమరీ కూడితే ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ కనిపించింది. మ్యాథ్‌లిబ్ కంపైలయ్యాక వచ్చే ఓలీన్ ఫైళ్లు మెమరీ మ్యాప్ అవుతాయి. ఒకటే పేజీని నలుగురూ పంచుకుంటారు, టాప్ నలుగురి ఖాతాలోనూ రాస్తుంది. పంచుకున్న పేజీల్ని వాటాలేసి లెక్కకట్టే పీఎస్ఎస్ చూడండి, అసలు వాడకం అందులో తెలుస్తుంది.

టైమ్ అవుట్: లీన్‌కి మ్యాక్స్ హార్ట్‌బీట్స్ అని సొంత హద్దు ఉంది, మామూలుగా 2,00,000. అది సెకన్లు కాదు, మెమరీ అలకేషన్ల లెక్క. అందుకే ఏ మెషీన్ మీదైనా ఒకేలా వస్తుంది. అదొక్కటే నమ్ముకుంటే డిసైడ్ లాంటివి ఒక్కోసారి చేతికందకుండా పోయాయి. బయట్నుంచి 20 సెకన్ల గడియారం పెట్టి, దాటితే ప్రాసెస్‌ని చంపేయడం కూడా చేర్చాను.

దశ 3: మోడల్ (ఏప్రిల్)

పద్ధతి: గోల్ (ఇంకా రుజువు చేయాల్సింది) పాఠాన్ని మోడల్‌కి ఇస్తా, అది 8 టాక్టిక్‌లు ఇస్తుంది, ఒక్కోదాన్నీ లీన్‌లో వేస్తా, బతికిన స్టేట్లలో సంభావ్యత ఎక్కువున్నదాన్ని ముందు తెరుస్తా. ఒక లెక్కకి 300 ప్రయత్నాల హద్దు.

మొదటి వెయ్యి సూచనలు ఏమయ్యాయో విడదీసి రాసుకున్నా:

- ఎర్రర్ లేకుండా నడిచినవి 412
- ఆ పేరుతో సిద్ధాంతమే లేదన్నవి 236
- టాక్టిక్ విఫలమైనవి 219
- సింటాక్స్ తప్పులు 97
- టైమ్ అవుట్ 36

236 చూసి మోడల్ కోతలు కోస్తోందనుకున్నా. సగానికి పైగా ఒకప్పుడు నిజంగా ఉన్న పేర్లే. మ్యాథ్‌లిబ్‌లో పేర్లు మారుతూనే ఉంటాయి, మోడల్ పాతది చదువుకుంది, నేను కొత్తది పెట్టాను. మ్యాథ్‌లిబ్‌ని వెనక్కి తీసుకెళ్లి మోడల్ కాలానికి దగ్గరగా నిలబెట్టాక ఇంకో వెయ్యి తీశా: 236 కాస్తా 88 అయింది. మోడల్‌కి ట్యూనింగ్ చేసి ఇంత లాభం నేను ఎప్పుడూ తేలేదు.

సింటాక్స్ తప్పుల్లో చాలావాటికి మూలం చిన్న శిలువ గుర్తు. మనం పేరు పెట్టని హైపోథిసిస్‌లకి లీన్ తనే పేరు పెట్టి పక్కన ఆ గుర్తు వేస్తుంది, ‘ఈ పేరు నువ్వు వాడలేవు’ అని దానర్థం. మోడల్‌కి అదేం తెలుసు, చూసిన పేరు చూసినట్టే రాస్తుంది. స్టేట్‌లో ఆ గుర్తు కనిపిస్తే ముందు నేనే రీనేమ్-ఐ వేసి మామూలు పేరు పెట్టి, ఆ తర్వాత మోడల్‌కి చూపిస్తున్నా. 97 నుంచి 41కి దిగింది.

నడిచిన 412లో కూడా తాలు ఉంది. ఎ+బి ని బి+ఎ చేస్తుంది, తర్వాతి అడుగులో దాన్ని మళ్లీ ఎ+బి చేస్తుంది. గానుగెద్దు తిరిగినట్టే. గోల్ పాఠాన్ని హ్యాష్ చేసి (పోల్చడానికి చిన్న గుర్తుగా మార్చి), చూసిన స్టేట్‌ని మళ్లీ తెరవకుండా ఆపాను. తెరిచే స్టేట్లు మూడో వంతు తగ్గాయి.

అనుగమనం లెక్కలకి ఇంకో చిక్కు. ఇండక్షన్ టాక్టిక్ మామూలు రూపం చాలా లైన్లు, కేసులు కింద కేసులు. నా తీగ ఒక్కో లైనే పంపుతుంది. మ్యాథ్‌లిబ్‌లో ఇండక్షన్ పక్కన ప్రైమ్ గుర్తు పెట్టిన ఒక్క లైను రూపం ఉంది, అది వాడితే రెండు గోల్స్ విడివిడిగా వస్తాయి. దాన్ని ప్రతి లెక్కలో మొదటి స్టేట్ దగ్గర మోడల్ చెప్పినా చెప్పకపోయినా ఒకసారి వేసి చూస్తున్నా.

చిన్న మోడల్‌కి తోడుగా 7 బిలియన్ పారామీటర్ల ఓపెన్ మోడల్ ఒకటి 4 బిట్లకి కుదించి పెట్టాను. ఇది అడుగడుగునా కాదు, రుజువు మొత్తం ఒకేసారి రాసిస్తుంది. లెక్కకి 16 సార్లు రాయిస్తా. దీని జబ్బు ఇంకోటి: మధ్య మధ్యలో పాత వెర్షన్ లీన్ 3 లోకి జారిపోయి బిగిన్, ఎండ్, లైను చివర కామాలు. లీన్ 4లో అవేవీ చెల్లవు.

ఏప్రిల్ ఆఖరి వారం. మేడ మీద గది, మధ్యాహ్నం లోపల 39 డిగ్రీలు. కార్డు 84కి చేరి తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. పగలు 16 రుజువులకి పట్టే టైములో రాత్రి 22 వస్తున్నాయి. అమ్మ జాలిపడి కూలర్ తెచ్చి క్యాబినెట్ వైపు తిప్పింది. నీళ్ల కూలర్ అది. చేతికి చెమ్మ తగిలి గభాలున తీసేశా. ఇక రన్లన్నీ రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు వరకే.

రాత్రి రన్‌కి ఇంకో శత్రువు గాలివాన. మే మొదటి వారంలో ఒక రాత్రి ఉరుములు, కరెంటు పోయింది, యూపీఎస్ పన్నెండు నిమిషాలు లాగి చేతులెత్తేసింది. ఫలితాలు చివర్లో ఒకేసారి రాసేలా పెట్టుకున్న తెలివితక్కువ పని నాదే, మూడున్నర గంటల పని పోయింది. ఇప్పుడు ఒక్కో లెక్క అవగానే ఒక్కో లైను ఫైల్లో పడుతుంది, మళ్లీ మొదలెడితే అక్కడ్నుంచే అందుకుంటుంది.

ఇప్పటికి: 120లో 61. 118 గంటలు. ఖర్చు 19,000, మీద మే కరెంటు బిల్లు.

దశ 4: 61 నుంచి కిందికి (మే)

61 అని మాస్టారికి చెప్పాను. ‘ఏవీ, ఒకటి చూపించు’ అన్నారు. ఆయన చేతిరాతలో ఉన్న లెక్కే తీశాను, ఇంటర్ ఫస్టియర్ పిల్లలందరికీ తెలిసిందే. మొదటి పదం 1/(1×4), రెండోది 1/(4×7), అలా ఎన్ పదాల మొత్తం ఎన్/(3ఎన్+1) అని అనుగమనంతో చూపించాలి. మోడల్ రుజువు రెండు లైన్లు. ప్రింటు తీసి ఇచ్చాను.

కళ్లజోడు పైకి జరుపుకుని చూశారు. కాగితం తిప్పి వెనకాల చూశారు.

‘ఇందులో అనుగమనం ఎక్కడుందోయ్?’

‘అది వేరే దారిలో చేసినట్టుంది మాస్టారూ.’

‘ఏ దారి? ముప్ఫై ఏళ్లు చెప్పాను, నాకు తెలియని దారి రెండు లైన్లలో ఉందా? అది చూసిన ఎడమ వైపు ఎంతో అడుగు దాన్ని.’

ఎన్ బదులు 5 పెట్టి లీన్‌తో లెక్క కట్టించాను. ఎడమ వైపు 0. కుడి వైపు కూడా 0.

నేను ఎన్‌ని సహజసంఖ్య అని రాసి, భాగహారాన్ని కూడా సహజసంఖ్యల్లోనే వదిలేశాను. అక్కడ 1ని 4తో భాగిస్తే 0, శేషం గాల్లో కలిసిపోతుంది. ప్రతి పదమూ 0, కుడి వైపు కూడా హారం పెద్దది కాబట్టి 0. మోడల్ చూపించింది 0 = 0 అని. లీన్ తప్పు చేయలేదు, మోడల్ కూడా తప్పు చేయలేదు. నేను అడిగింది వేరే లెక్క.

ఆ రాత్రి నుంచి కొన్ని వారాలు కొత్త రుజువేదీ వెతకలేదు, ఉన్నవాటినే తవ్వాను.

మొదట సారీలు. రుజువులో ‘సారీ’ ఉంటే లీన్ ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ ఇస్తుంది. నా పైథాన్ ఎర్రర్లు మాత్రమే చూస్తోంది. పెద్ద మోడల్ రాసిన వాటిలో తోచని చోటల్లా సారీ పెట్టి ముందుకెళ్లినవి ఉన్నాయి. ఇంకొన్నిట్లో ‘అప్లై’ పక్కన ప్రశ్నార్థకం పెట్టిన టాక్టిక్ ఉంది. అది సలహాలు చూపించి, గోల్‌ని తాత్కాలికంగా సారీతోనే మూసేస్తుంది. మొత్తం 9. మాస్టారికి చెబితే, ‘సారీ చెప్పిన వాడికి కూడా మార్కులు వేశావా?’ అన్నారు.

తర్వాత 4 నేటివ్ డిసైడ్‌తో వచ్చినవి. ఇది కంపైల్ చేసిన ప్రోగ్రాం జవాబుని నమ్ముతుంది, లీన్ కెర్నల్ (రుజువుని చివరిగా సరిచూసే లోపలి భాగం) దాన్ని స్వయంగా చూడదు. కొందరు ఒప్పుకుంటారు. ఈ ప్రాజెక్టులో అసలు పని కెర్నల్ చేత ఒప్పించడమే కాబట్టి తీసేశాను.

ఆఖరుది పెద్దది: 120 స్టేట్‌మెంట్లనీ, అంటే లీన్‌లోకి నేను రాసిన ప్రశ్నల్ని, మాస్టారూ నేనూ కూర్చుని ఒక్కొక్కటీ చదవడం. నేను లీన్‌లో ఉన్నది తెలుగులో గట్టిగా చదువుతాను, ఆయన నోటుపుస్తకంలో ఉన్నది చూస్తారు. నాలుగు ఆదివారాలు. 17 తప్పు. 11 భాగహారం, 4 తీసివేత (సహజసంఖ్యల్లో 3 లోంచి 5 తీస్తే లీన్‌లో 0), 2 ఒకదానికొకటి పొసగని షరతులు. పొసగని షరతుల నుంచి ఏదైనా రుజువవుతుంది, అది మోడల్‌కి పండగ. ఈ 17లో 10 నా 61లో ఉన్నాయి.

మెట్లు దిగిన లెక్క:

- మొదట 61
- సారీలు 9 పోతే 52
- నేటివ్ డిసైడ్ 4 పోతే 48
- తప్పు స్టేట్‌మెంట్లు 10 పోతే 38

2024 గణిత ఒలింపియాడ్ ప్రశ్నల్లో నాలుగింటిని గూగుల్ డీప్‌మైండ్ ఆల్ఫాప్రూఫ్, ఆల్ఫాజామెట్రీ 2 కలిసి తేల్చినప్పుడు కూడా ప్రశ్నల్ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి రాసిచ్చింది మనుషులే. అప్పట్లో అది చదివి చిన్న విషయంలే అనుకున్నాను.

ఇప్పుడు ఏ రుజువైనా 38లో చేరాలంటే దాటాల్సిన గుమ్మాలు:

1. రెపుల్ ‘గోల్స్ లేవు’ అన్నది లెక్కలోకి రాదు. మొత్తం ఫైలు మళ్లీ రాసి, కొత్త ప్రాసెస్‌లో మొదట్నుంచి కంపైల్ చేయాలి.
2. ఫైలు చివర ‘ప్రింట్ ఆక్సియమ్స్’, రుజువు ఏయే స్వీకృతాల మీద ఆధారపడిందో చూపే కమాండు. ప్రాప్‌ఎక్స్‌ట్, క్లాసికల్ చాయిస్, కోట్ సౌండ్: లీన్‌లో మామూలుగా ఉండే ఈ మూడు కాక ఇంకేం కనిపించినా బయటికే. దాక్కున్న సారీ ఇక్కడ సారీఆక్స్ అన్న పేరుతో దొరికిపోతుంది.
3. కంపైలయ్యాక సిద్ధాంతం స్టేట్‌మెంట్ అక్షరం మారకుండా ఉందో లేదో అసలు ఫైలుతో పోల్చాలి. పెద్ద మోడల్ ఒకసారి ప్రశ్ననే కాస్త తేలిక చేసుకుని జవాబు రాసింది.
4. రెండు మూడు లైన్లలో తేలిపోయిన అనుగమనం లెక్కని విడిగా తీసి పెట్టాలి. ఇది మాస్టారి రూలు.

దశ 5: దిద్దాక (జూన్)

17 స్టేట్‌మెంట్లనీ అకరణీయ సంఖ్యల్లోకి, పూర్ణసంఖ్యల్లోకి మార్చి రాశాను. ముందు బేస్‌లైన్, అంటే మోడల్ లేకుండా ఆ ఏడు టాక్టిక్‌ల రన్, మళ్లీ నడిపాను. 31 కాస్తా 24 అయింది, అంటే ఆ ఏడు టాక్టిక్‌లు కూడా నా తప్పుల మీదే ఏడు గెలిచాయి. మోడళ్లతో 17లో 5 వచ్చాయి. మొత్తం 43. మోడల్ వల్ల అసలు లాభం 19 లెక్కలు. ఏప్రిల్‌లో అది 30 అని చెప్పుకు తిరిగాను.

ఆ అయిదులో 1/(1×4) లెక్క ఉంది. 300 ప్రయత్నాల హద్దులో రాలేదు, దాని ఒక్కదానికీ 600కి పెంచితే 412వ ప్రయత్నంలో వచ్చింది. ఇండక్షన్ వేశాక మొదటి గోల్ సింప్‌తోనే పోయింది. రెండో దాంట్లో ఫీల్డ్ సింప్, రింగ్ వేసి చాలాసేపు కొట్టుకుంది. సహజసంఖ్యని అకరణీయంలోకి మార్చే గుర్తు కె+1 మొత్తం మీద కూర్చుని ఉంది, పుష్ క్యాస్ట్‌తో దాన్ని లోపలికి తోస్తే తప్ప రింగ్‌కి అంతు చిక్కలేదు. ఇప్పుడు కూడిక మీద ఆ గుర్తు కనిపిస్తే పుష్ క్యాస్ట్‌ని సూచనల్లో తొమ్మిదోదిగా నేనే కలుపుతున్నా.

ప్రింటు తీసి కిందికి తీసుకెళ్లాను. ఈసారి ఆరు లైన్లు. మాస్టారు పెన్సిల్‌తో ఒక్కో లైను పక్కన టిక్కు పెడుతూ వచ్చి నాలుగో దాని దగ్గర ఆగారు.

‘ఈ ఐ హెచ్ ఏంటోయ్?’

‘ఇండక్షన్ హైపోథిసిస్ మాస్టారూ. కె దగ్గర నిజమని ఒప్పుకున్నది.’

‘ఓహో, “ఎన్ = కె కి సత్యం అనుకొనుము”. అది రాయకపోతే రెండు మార్కులు కోసేవాణ్ని’ అని దాని పక్కన కూడా టిక్కు పెట్టారు. తర్వాత బీరువా తెరిచి ద్విపద సిద్ధాంతం నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టారు.

ఇప్పటికి: 120లో 43 (మోడల్ లేకుండా 24). 171 గంటలు. ద్విపదలోంచి కొత్తవి 30 ఏరాం. వాటి స్టేట్‌మెంట్లు ఆదివారం ఆయన చూశాకే రన్‌కి వెళ్తాయి.